తొమ్మిదో పేరా మీద చీటీ లేదు

కోర్టు ఆవరణలో ఆ లాయరమ్మను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ ఆవిడ చీటీలమ్మ. ఎదురుగా అనరు లెండి. ఎదురుపడితే "నమస్కారం మేడమ్" అంటారు. అటు తిరగ్గానే "అదిగో చీటీలమ్మ వచ్చేసింది, ఆవిడ చీటీలన్నీ తిరగేసేసరికి ఇవాళ మనకి వాయిదా దొరికినట్టే!" అని ఎత్తిపొడుస్తారు. అననివ్వండి. అలా అనేవాళ్ళ కేసు కట్టలు ఒకసారి విప్పి చూడాలి మీరు. ఒక్క రసీదు కావాలంటే కట్టంతా బల్ల మీద కుమ్మరించి, జేబులు తడుముకుని, చివరికి "మా గుమాస్తా ఎక్కడ తగలేశాడో" అని అరుస్తారు. మన లాయరమ్మ అయితే జడ్జిగారు కళ్ళజోడు తుడుచుకునేలోపు కాగితం తీసి చేతిలో పెడుతుంది.

ఆవిడ ఆఫీసు ఒక అచ్చాఫీసు పైన ఉంది. కింద మిషన్లు తిరుగుతుంటే పైన గ్లాసులో నీళ్ళు సన్నగా వణుకుతుంటాయి. గదిలో రెండు ఇనప బీరువాలు, ఒక పెద్ద బల్ల, కిటికీ పక్కన గుమాస్తాగారి చిన్న బల్ల. ప్రతి కేసుకీ ఒక కట్ట, ప్రతి కట్టకీ ఒక నోట్సు పుస్తకం. ఆ పుస్తకంలో ఎడమ పేజీ క్లయింటుది. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, తిట్టు ఉంటే తిట్టుతో సహా రాసుకుంటుంది, తేదీ వేస్తుంది, మళ్ళీ దాన్ని దిద్దదు. కుడి పేజీ కాగితాలది. ఏ కాగితం ఏమంటోందో అక్కడ ఉంటుంది. అడుగున గీత గీసి, ఇంకా చేయాల్సిన పనులు, అవి ఎవరు చేయాలి, పక్కన చిన్న గడి. పని అయిపోతే గడిలో టిక్కు.

ఇక చీటీల సంగతి. ఎదుటివాళ్ళు వేసిన దావాలో ఒక్కో పేరా చదివి క్లయింటుని అడుగుతుంది. నిజమే అంటే ఆ పేరాకి ఆకుపచ్చ చీటీ, అబద్ధం అంటే ఎర్ర చీటీ, ఏదైనా కాగితం చేతికొచ్చాక తేల్చాలంటే పసుపు చీటీ. ఆ కాగితం రాగానే పసుపు చీటీ పీకి కాగితం ఆవిడ చేతికివ్వడం గుమాస్తాగారి పని. అదే చోట ఎరుపో ఆకుపచ్చో అంటించడం ఆవిడ పని. జవాబు దావా రాసేటప్పుడు ఇక ఆలోచించే పనే లేదు, చీటీలు చూసుకుంటూ చకచకా రాసుకుపోవడమే.

ఇంట్లోనూ ఇదే వరస. వంటింటి డబ్బాలన్నిటికీ చీటీలు. "ఉప్పు డబ్బా మీద ఉప్పు అని రాయడం దేనికే, నాలిక మీద వేసుకుంటే తెలియదూ?" అని అత్తగారు దెప్పుతుంది. "మా కోడలు నిద్దట్లో కూడా పేజీ నంబర్లు వేస్తుందమ్మా" అని పక్కింటివాళ్ళకి గొప్పగా చెప్పుకునేదీ ఆవిడే.

ఆ పొద్దున లాయరమ్మ ఇస్త్రీ అక్క కేసు కట్ట విప్పింది. ఇస్త్రీ అక్క అంటే రెండు వీధుల అవతల, నాలుగంతస్తుల బిల్డింగులో మెట్ల కింద గదిలో బట్టలు ఇస్త్రీ చేసే మనిషి. పంతొమ్మిదేళ్ళుగా అదే గది, అదే బల్ల. పెద్ద ఓనరు తన చేత్తో గది అద్దెకిచ్చాడు. ఆయన పోయాక కొడుకు వచ్చాడు. ఆ మెట్ల కింద జనరేటరు పెట్టుకోవాలని బుద్ధి పుట్టింది అబ్బాయిగారికి. "ఖాళీ చెయ్యి" అన్నాడు. "చెయ్యను" అంది. దావా వేశాడు. ఆ గది పోతే ఆవిడకి ఇంకో గది దొరకడం కల్ల. ఒకవేళ దొరికినా, పంతొమ్మిదేళ్ళుగా మెట్లు దిగుతూ బట్టలిచ్చి, మెట్లెక్కుతూ పట్టుకెళ్ళే ఆ నలభై ఇళ్ళవాళ్ళు ఆవిడతో పాటు నడిచొస్తారా ఏమిటి? ఆ గదే ఆవిడకి కంచమూ, మంచమూ.

దావాలో పద్నాలుగు పేరాలున్నాయి. పదమూడు గాలి మాటలు. తొమ్మిదోది మాత్రం విషం: ఫలానా తేదీన ఇద్దరు పెద్దమనుషుల ఎదుట ఇస్త్రీ ఆవిడే "ఏడాది ఆఖరుకి గది ఖాళీ చేస్తాను" అని ఒప్పుకుందట. అది చదివి వినిపించిన రోజు ఇస్త్రీ అక్క కుర్చీలోంచి లేచి నిలబడి మరీ శాపనార్థాలు పెట్టింది. లాయరమ్మ ఎడమ పేజీలో అన్నీ రాసుకుంది.

ఇంకో పది రోజుల్లో సాక్ష్యాలు మొదలు. లాయరమ్మ టీ గ్లాసు పక్కన పెట్టుకుని, తాను ఎనిమిది నెలల కిందట వేసిన జవాబు దావా తీరిగ్గా చదవసాగింది. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది, కింద మిషన్లు తిరుగుతున్నాయి, కట్ట అద్దంలా ఉంది. ఆవిడకి తన పని చూసుకుంటే ముచ్చటేసింది. ముచ్చటెయ్యడంలో తప్పేముంది? ఇల్లు తుడిచిన మనిషి గుమ్మంలో నిలబడి ఒకసారి వెనక్కి చూసుకోదూ?

ఏడో పేరాకి జవాబు ఉంది. ఎనిమిదో పేరాకి ఉంది. ఆ తర్వాత పదో పేరా.

లాయరమ్మ మళ్ళీ చదివింది. ఎనిమిది, పది. పేజీ తిప్పి చూసింది, వెనక్కి తిప్పింది. దావా తీసి తొమ్మిదో పేరా చూసింది. దాని మీద చీటీ లేదు. ఎరుపూ లేదు, పచ్చా లేదు, పసుపూ లేదు. 

కోర్టు వ్యవహారం తెలియనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. ఎదుటివాడు రాసిన మాటని నువ్వు కాదనకపోతే ఔనన్నట్టే లెక్క. బయట మౌనం అర్ధాంగీకారమేమో, అక్కడ మాత్రం పూర్తి అంగీకారం. అంటే కోర్టు కాగితాల ప్రకారం ఇస్త్రీ అక్క గది ఖాళీ చేస్తానని ఒప్పుకుని కూర్చుంది. సాక్ష్యాలూ వద్దు, సాక్షులూ వద్దు. ఎదుటి లాయరు లేచి ఆ ఒక్క ఖాళీ చూపిస్తే చాలు.

ఎలా జరిగిందో ఊహించడానికి ఆవిడకి అరనిమిషం పట్టలేదు. ఆ తేదీన ఇస్త్రీ అక్క తన చెల్లెలి కాన్పుకి వెళ్ళినట్టు ఆసుపత్రి నుంచి కాగితం రావాలని తొమ్మిదో పేరాకి పసుపు చీటీ పెట్టింది. కాగితం వచ్చింది, పసుపు చీటీ పోయింది, ఎర్ర చీటీ అంటించలేదు. జవాబు రాసే రోజున కళ్ళు చీటీల వెంట పరిగెత్తాయి, చీటీ లేని పేరాని దాటేశాయి. చీటీలు లేకుండా, మామూలు లాయరులా తిన్నగా దావా చదువుతూ రాసి ఉంటే ఈ తప్పు జరిగేదే కాదు! ఇంత పద్ధతి పెట్టుకున్న మనిషే పప్పులో కాలేసింది.

"గుమాస్తాగారూ, ఒకసారి ఇటు రండి" అంది. 

గుమాస్తాగారికి అరవై దాటాయి. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని వచ్చి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. ఆయన మొహం పాలిపోయింది. అయినా క్షణంలో సర్దుకున్నాడు.

"ఓస్, ఇంతేనా! దీనికెందుకమ్మా అంత కంగారు? సవరణ పిటిషన్ పడేద్దాం. 'మా గుమాస్తా అజాగ్రత్త వల్ల తొమ్మిదో పేరాకి జవాబు జారిపోయింది' అని ఒక్క ముక్క. అయిపోయింది!"

లాయర్ల లోకంలో ఇదొక వింత. అక్కడ లాయర్లు తప్పులు చేయరు. తేదీ మరిచిపోయేది గుమాస్తా, కాగితం పోగొట్టేది గుమాస్తా, పొరపాటున వేరే కోర్టుకి వెళ్ళి కూర్చునేది గుమాస్తా. ప్రతి పిటిషన్లోనూ ఆ పేద ప్రాణిని ముందుకి తోస్తారు. మన గుమాస్తాగారు ఇదివరకు పనిచేసిన పెద్ద లాయరైతే ఒకసారి ఏకంగా "మా గుమాస్తా కాలం చేయడం వల్ల ఆలస్యమైంది" అని రాశాడు. ఆ పిటిషన్ పట్టుకెళ్ళి కోర్టులో ఇచ్చి, ముద్ర వేయించుకొచ్చింది ఈయనే.

"వద్దండీ. ఇది నా తప్పు. నా పేరు మీదే రాస్తాను" అంది లాయరమ్మ.

"మీకేమైనా మతిపోయిందా అమ్మా? చీటీలమ్మే చీటీ మరిచిందట అని ఆవరణంతా డప్పు కొడతారు. నాదేముంది, ముప్పై రెండేళ్ళుగా ఈ వీపు మోస్తూనే ఉంది. ఇంకొకటి బరువా?"

"బరువని కాదు. అబద్ధం కదా."

"అంటే నా పేరు ఇంత చిన్న పనికి కూడా పనికిరాదా?" ముసలాయనకి నిజంగానే రోషం వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "అయినా అబద్ధమేం కాదమ్మా. పసుపు చీటీ పీకింది నేను. కాగితం మీ చేతికిచ్చానో, కట్టలో పెట్టేసి ఊరుకున్నానో, నాకైతే గుర్తులేదు. నా వల్లే అయ్యుంటుంది" అన్నాడు.

"ఇచ్చారండీ."

"మీరు నా మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అంటున్నారు" అని లేచి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.  ఆ పూటంతా టీ కూడా తాగలేదు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళి లాయరమ్మ కంచంలో వేళ్ళు ఆడిస్తూ కూర్చుంది. అత్తగారు చూసి చూసి, "ఏమే, ఎవరి మీద కోపం అన్నం మీద చూపిస్తున్నావు?" అంది. కోడలు ఉన్నదంతా చెప్పింది.  అత్తగారు నెమ్మదిగా మొదలుపెట్టింది. "నేను కాపరానికొచ్చిన కొత్తలో మా అత్తగారి గాజు కూజా పగలగొట్టి పిల్లి మీద పెట్టాను. పిల్లిని పట్టుకెళ్ళి ఎక్కడో వదిలేసొచ్చారు. నలభై ఎనిమిదేళ్ళయింది. ఇప్పటికీ పిల్లి ఎదురొస్తే నేను మొహం తిప్పుకుంటాను తెలుసా? మీ గుమాస్తా మొహం రోజూ చూడాలి కదే నువ్వు."

లాయరమ్మకి నవ్వొచ్చింది. నవ్వాక నాలుగు ముద్దలు దిగాయి.

ముందు చెప్పాల్సింది జడ్జిగారికి కాదు, ఇస్త్రీ అక్కకి. ఆ సాయంత్రం ఎండ తగ్గకముందే లాయరమ్మ కట్ట చంకన పెట్టుకుని నడిచింది. మెట్ల కింద గది కాబట్టి పైకప్పు ఏటవాలుగా దిగి ఉంటుంది. లోపలి కొసకి వెళ్ళాలంటే తల వంచాలి. మధ్యలో మందపాటి దుప్పటి పరిచిన బల్ల, చెంబులో నీళ్ళు, మడతలు పెట్టిన బట్టల దొంతర్లు, ఒక్కో దొంతరకీ ఇంటి నంబరు రాసిన గుడ్డముక్క. ఇక్కడా చీటీలే! వేడి నూలు గుడ్డ వాసన గదంతా కమ్ముకుని ఉంది. లాయరమ్మకి ఆ గది మొదట్నుంచీ ఇష్టం. ఇవాళ మాత్రం గుమ్మంలో కాళ్ళు ఆగిపోయాయి.

"రండి రండి లాయరమ్మా! ఆ స్టూలు మీద కూర్చోండి. చేతికి పని గానీ చెవికేం పని, చెప్పండి" అంది ఇస్త్రీ అక్క. యాభై ఏళ్ళ మనిషి, గట్టి భుజాలు, గట్టి గొంతు.

లాయరమ్మ చెప్పింది. మధ్యలో ఎక్కడా "కానీ" అనలేదు, "అసలేం జరిగిందంటే" అనలేదు. మొదటి రెండు మాటలకే ఇస్త్రీ అక్క ఇస్త్రీ పెట్టె ఎత్తి పక్కన నిలబెట్టేసింది.

"అంటే నేను ఖాళీ చేస్తానని ఒప్పుకున్నట్టు కోర్టులో ఉందా?"

"ఉన్నట్టే లెక్క, అక్కా."

"ఎవరి వల్ల?"

"నా వల్ల."

"దిద్దొచ్చా?"

"దిద్దనివ్వమని అడగొచ్చు. ఇవ్వడం, ఇవ్వకపోవడం జడ్జిగారి చేతిలో ఉంది. ఇవ్వకపోతే గది పోవచ్చు." లాయరమ్మ కట్ట బల్ల మీద పెట్టింది. "నీకు నా మీద నమ్మకం పోతే, అది న్యాయమే. ఇదిగో కట్ట. ఇంకో లాయరు దగ్గరికి పట్టుకెళ్ళు. ఏ కాగితం ఎక్కడుందో వాళ్ళకి నేనే వచ్చి చెప్తాను."

ఇస్త్రీ అక్క కట్ట వంక చూసింది, లాయరమ్మ మొహం వంక చూసింది. ఆ తర్వాత నవ్వింది. చిన్నగా కాదు, మెట్ల మీద వెళ్ళేవాళ్ళు తొంగిచూసేంత గట్టిగా.

"ఇన్నేళ్ళలో నేనెన్ని బట్టలు కాల్చానో తెలుసా మీకు? ఏడు. ఏడు చొక్కాలూ నేనే చేత్తో పట్టుకెళ్ళి, కాలిన చోటు విప్పి చూపించా. లోపలికి మడిచి ఇచ్చేశామనుకోండి, ఇంటికెళ్ళేదాకా ఎవరికీ తెలీదు. అప్పుడు 'మీ ఇంట్లోనే కాలిందేమో' అని బుకాయించొచ్చు కూడా. ఇద్దరు రావడం మానేశారు. ఐదుగురు ఇప్పటికీ నాకే ఇస్తున్నారు." కట్టని రెండు చేతులతో ఎత్తి మళ్ళీ లాయరమ్మ ఒళ్ళో పెట్టింది. "మీరూ విప్పి చూపించారుగా. వెళ్ళి వాదించండి, పోండి. నాకు నాలుగో అంతస్తువాళ్ళ దుప్పట్లున్నాయి."

ఇంటికి నడిచి వస్తుంటే లాయరమ్మకి ఒళ్ళు తేలికైపోయినట్టనిపించింది. ఎంత గట్టి మనిషి, ఎంత హాయిగా తీసుకుంది అనుకుంది.

వారం తిరిగేసరికి, పిటిషన్ విచారణ ఒక పొద్దున్నే వచ్చింది. జడ్జిగారు సన్నటి మనిషి, చదివేటప్పుడు పెదవులు కదుపుతాడు. అఫిడవిట్ మొదటి పేజీ చదువుతూ ఆగాడు.

"ఏమిటమ్మా ఇది? 'ఈ పొరపాటు పూర్తిగా నాది, నా గుమాస్తాది కాదు' అని ఉంది. టైపు తప్పా?"

కోర్టు హాలంతా నవ్వింది. వెనక బెంచీ మీద గుమాస్తాగారు తల దించుకున్నాడు.

"కాదు సార్. టైపు కూడా నేనే చేశాను" అంది లాయరమ్మ. 

ఓనరు తరఫు లాయరు లేచాడు. ఈయన్ని ఆవరణలో అభ్యంతరం లాయరు అంటారు. జడ్జిగారు తుమ్మినా అభ్యంతరం చెప్పే రకం. "సార్, ఎనిమిది నెలలు గుర్రుపెట్టి నిద్రపోయి, ఇప్పుడు లేచి కళ్ళు నులుముకుంటున్నారు! ఆవిడ ఒప్పుకున్న మాట అది. ఇప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకుని, కాదని కొత్త కథ అల్లుతున్నారు. దావా అందిన రోజునే ఆవిడ కాదన్నదని ఏమిటండీ నమ్మకం?" ఆయన ధోరణి చూస్తే తెలిసిపోయింది. ఆ ఖాళీ ఆయన ఎప్పుడో చూశాడు, చూసి సాక్ష్యం రోజు కోసం దాచుకున్నాడు.

లాయరమ్మ నోట్సు పుస్తకం చేతిలోకి తీసుకుంది. క్లయింటు తన లాయరుకి చెప్పిన మాట క్లయింటు సొత్తు. ఆవిడ సరే అంటే తప్ప బయటపెట్టకూడదు. అందుకని వెనక బెంచీ మీద కూర్చున్న ఇస్త్రీ అక్క వైపు తిరిగి, "అక్కా, నువ్వు ఆ రోజు నాకు చెప్పింది జడ్జిగారికి చూపించనా?" అని అడిగింది.

"చూపించండమ్మా, నేనేమైనా దొంగసొత్తు దాచమన్నానా?" అంది ఇస్త్రీ అక్క.

జడ్జిగారు పుస్తకం అందుకుని, తేదీ చూసి, ఎడమ పేజీ పైకి చదివాడు. "'తొమ్మిదో పేరా. పచ్చి అబద్ధం. వాడి నోట్లో మన్ను పడ! ఆ రోజు నేను ఊళ్ళోనే లేను. మా చెల్లి కాన్పుకి వెళ్ళి ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నాను. మరి గదిలో ఎవరు, నా దయ్యమా ఒప్పుకుంది?'" చదువుతూ చదువుతూ ఆయనకే నవ్వాగలేదు. హాల్లో ఓనరు అబ్బాయి తప్ప అందరూ నవ్వారు. కుడి పేజీలో ఆసుపత్రి కాగితం సంగతి ఉంది: అదే తేదీ, తోడున్న మనిషి అని ఇస్త్రీ అక్క సంతకం.

ఆయన పేజీ అడుగుకి వచ్చాడు. నవ్వు ఆగింది. నెమ్మదిగా చదివాడు. "'ఆసుపత్రి కాగితం రాగానే పసుపు చీటీ తీసి కాగితం మేడమ్ చేతికివ్వాలి. గుమాస్తాగారు.' టిక్కు ఉంది. పక్కన మీ సంతకం, 'అందింది' అని. కిందది, 'ఎర్ర చీటీ అంటించాలి. నేను.' గడి ఖాళీగా ఉంది."

"అవును సార్."

జడ్జిగారు పుస్తకం మూసి తిరిగిచ్చాడు. "గుమాస్తా తప్పు అని రాసి తెచ్చే పిటిషన్లు వారానికి పది చదువుతాను. అవన్నీ నమ్మితే గుమాస్తాలనే వాళ్ళంతా కళ్ళు మూసుకుని పనిచేస్తారనుకోవాలి. ఇదీ అలాగే రాసి ఉంటే ఇంత దూరం చూసేవాణ్ణి కాదేమో. సవరణకి అనుమతిస్తున్నాను. వారంలోగా సరిచేసిన జవాబు వెయ్యండి."

"అభ్యంతరం" అన్నాడు అభ్యంతరం లాయరు. కూర్చోమన్నారు. కూర్చున్నాడు.

బయట వరండాలో గుమాస్తాగారు లాయరమ్మ వెనకే నడుస్తూ వచ్చి, స్తంభం దగ్గర ఆగాడు. "అమ్మా, నా గడిలో టిక్కు నిజంగా ఉందా?"

లాయరమ్మ పుస్తకం తీసి చూపించింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీంచి కిందకి లాక్కుని, ఆ చిన్న టిక్కుని చాలాసేపు చూశాడు. అది ఆయన చేతి టిక్కే, తోక పొడుగ్గా ఉంటుంది.

"ముప్పై రెండేళ్ళుగా చెయ్యని తప్పులు నెత్తినేసుకుంటూ వచ్చాను. ఎప్పుడూ బాధనిపించలేదు, చెయ్యలేదని నాకు తెలుసు కాబట్టి. ఈసారే, నిజంగా చేశాననుకున్నాను. ఈ వారం రోజులూ నాకు తిండి సహించలేదమ్మా." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చాలా సంతోషంగా ఉంది. అంతకంటే ఏం చెప్పాలో తెలీడం లేదు."

"నాకూ సంతోషంగానే ఉందండీ" అంది లాయరమ్మ. నిజంగానే ఉంది. అటు నుంచి పోతున్న ఇద్దరు లాయర్లు "చీటీ అంటుకుందా మేడమ్?" అని పరాచికాలాడితే "అంటుకుంది, మీకోటి కావాలా?" అంది.

ఆ సాయంత్రమే ఆఫీసులో పద్ధతి మారింది. పసుపు చీటీ ఇక పీకకూడదు. ఎర్రదైనా పచ్చదైనా దాని మీదే అంటించాలి. గుమాస్తాగారు దానికీ ఒక చీటీ రాసి బీరువా తలుపు మీద అంటించాడు.

తర్వాత నాలుగు నెలలు సాక్ష్యాలు నడిచాయి. పెద్దమనుషులిద్దరిలో ఒకాయన తేదీ మరిచిపోయాడు, రెండో ఆయన తానెందుకొచ్చాడో మరిచిపోయాడు. తీర్పు రోజున ఇస్త్రీ అక్క కోర్టుకి రాలేదు; హోటలువాళ్ళ దుప్పట్లు సాయంత్రానికి ఇవ్వాలని కబురు పెట్టింది. జడ్జిగారు రెండు నిమిషాల్లో తేల్చేశాడు. దావా కొట్టేశారు. గది ఆవిడదే, ఎవరూ కదపడానికి వీల్లేదు.

ఆ మాట ఫోనులో చెప్పబుద్ధి కాలేదు లాయరమ్మకి. నల్లకోటు చేతి మీద వేసుకుని, ఎండలో దాదాపు పరుగులాంటి నడకతో రెండు వీధులూ దాటింది. ఇన్నాళ్ళూ సాక్ష్యాలకి ఇస్త్రీ అక్కే ఆఫీసుకి వచ్చేది కాబట్టి ఆ గదికి వెళ్ళడం మళ్ళీ ఇదే. గుమ్మంలోకి రాగానే ఆగిపోయింది.

గది వేరే ఎవరిదోలా ఉంది. గోడలు బోడిగా ఉన్నాయి. చెక్క అలమరలు ఊడదీసి ఉన్నాయి. పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి తాడుతో కట్టి ఉన్నాయి. మేకులన్నీ ఒక డబ్బాలో. గుమ్మం పక్కన మూడు మూటలు, గట్టిగా ముడివేసినవి, మీద దుమ్ము పేరుకుని. మధ్యలో బల్ల ఒక్కటే మిగిలింది. ఆ మూటల మధ్య నిలబడి ఇస్త్రీ అక్క దుప్పటి మీద పెట్టె నడుపుతోంది.

ఆవిడ తలెత్తి చూసింది. చెయ్యి ఆగింది.

"చెప్పండి లాయరమ్మా, మూటలు బయటికా, లోపలికా?"

 "లోపలికే" అంది లాయరమ్మ. "లోపలికే అక్కా. గెలిచాం."

ఇస్త్రీ అక్క పెట్టె నిలబెట్టి, బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుంది. భుజాలు ఒకసారి పైకి లేచి దిగాయి.

"ఇవన్నీ ఎప్పుడు కట్టావు?" అని అడిగింది లాయరమ్మ.

"మీరొచ్చి తప్పు జరిగిందని చెప్పారు చూడండీ, ఆ సాయంత్రమే. మీరు వీధి మలుపు తిరగ్గానే సుత్తి తీశాను. ఉన్నట్టుండి పొమ్మంటే అప్పటికప్పుడు ఏం సర్దుకోగలను? నాలుగు నెలలు ఈ మూటల మధ్యే పని చేశా. మీరు చెప్పి మంచి పని చేశారు. చెప్పకపోతే ఏమీ తెలీకుండా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేదాన్ని."

"మరి ఆ రోజు అంత గట్టిగా నవ్వావు కదా!"

"నవ్వకపోతే మీరు అక్కడే ఏడ్చేసేలా ఉన్నారు" అంది ఇస్త్రీ అక్క. "ఏడ్చే లాయరుని పట్టుకుని నేనేం చేసుకోను? నాకు వాదించే లాయరు కావాలి."

లాయరమ్మ కళ్ళు నిండిపోయాయి. ఆ రోజు తేలిగ్గా నడిచి వెళ్ళిన తన నడక గుర్తొచ్చి సిగ్గేసింది, ఆ సిగ్గు మీదే ఎక్కడ లేని ప్రేమా పొంగింది. నల్లకోటు తీసుకెళ్ళి స్టూలు మీద పెట్టింది. పలకల తాడు ముడి విప్పబోతే గోళ్ళకి చిక్కలేదు. ఇస్త్రీ అక్క వచ్చి పళ్ళతో లాగి విప్పింది.

మొదటి పలక గోడకి ఆనించింది లాయరమ్మ. ఇస్త్రీ అక్క నోట్లో రెండు మేకులు కరిచిపట్టుకుని, ఒక కన్ను మూసి చూసింది.

"అటు కొస కొంచెం ఎత్తండి. ఇంకొంచెం. వంకర పోతే దొంతర్లు జారిపోతాయి."

లాయరమ్మ మునివేళ్ళ మీద లేచి, కొస ఎత్తి, కదలకుండా పట్టుకుంది.